మా పది వేళ్ళూ మీ దగ్గరున్నాయి, ఆ కాగితాలు మాకూ చూపించండి

బ్రిటన్ హోం ఆఫీసులో సమాచార అభ్యర్థనలు చూసే విభాగం వారికి,

నమస్కారం. ఇదే లేఖ ఇంగ్లీషులో, నా అసలు పేరుతో, ఈరోజు పొద్దున్నే మీ ఈమెయిల్‌కి పంపాను. అడిగేది రాతలో ఉండాలని, అడిగే మనిషి అసలు పేరూ జవాబు పంపడానికి ఒక చిరునామా ఉండాలని మీ 2000 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం 8వ సెక్షన్ చెప్తుంది కాబట్టి అవన్నీ అందులో ఉన్నాయి. మళ్ళీ తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మీరు చదువుతారని కాదు. హౌన్‌స్లోలో, ఈస్ట్‌హామ్‌లో, రెడింగ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఉంటూ వీసా పొడిగించుకునే ప్రతిసారీ మీకు పది వేళ్ళూ అప్పగించి వస్తున్న మావాళ్ళ కోసం. ఆ పని వెనక ఎవరున్నారు, ఎంత డబ్బు చేతులు మారుతోంది, ఆ ముద్ర ఎక్కడ ఎన్నాళ్ళు ఉంటుంది అని అడగొచ్చన్న సంగతే వాళ్ళలో చాలామందికి తెలీదు. తెలిసినవాళ్ళు కూడా "ఎందుకులే అన్నా, అడిగితే రేపు వీసా మీద పడుతుందేమో" అంటారు.

అందుకే ముందు మిమ్మల్ని ఒక విషయంలో మెచ్చుకోవాలి. మీ చట్టం అడిగేవాడి పౌరసత్వం అడగదు. లండన్‌లో ఉన్నవాడైనా, కామారెడ్డిలో ఉన్నవాడైనా, ఏ పాస్‌పోర్టు ఉన్నా ఉత్తరం రాయొచ్చు, ఫీజు లేదు, మీరు 20 పనిదినాల్లో జవాబివ్వాలి. మా దేశంలో 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం గొప్పదే, పది రూపాయల ఫీజుతో పల్లెటూరి మనిషి కూడా కలెక్టరాఫీసుని నిలదీయగలిగాడు, కానీ అది భారత పౌరులకే. అంటే హైదరాబాద్‌లో ఒక విదేశీయుడు తన రిజిస్ట్రేషన్ సంగతి ఆ చట్టం కింద అడగలేడు, బ్రిటన్‌లో నేను అడగగలను. ఉన్న హక్కుని వాడుకోకపోతే తప్పు మాదే, అందుకని వాడుకుంటున్నాను.

అసలు విషయంలోకి వచ్చే ముందు ఒక పాత కథ చెప్పాలి, ఎందుకంటే ఈ వేలిముద్రల వ్యవహారం మీరు మా దగ్గర నేర్చుకున్నదే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే మీ అధికారి, రోడ్డుకి కంకర లాంటి సరుకు సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టర్ చేత ఒప్పందం కాగితం వెనకాల అరచెయ్యి మొత్తం అచ్చు వేయించుకున్నాడు. రేపు "ఆ సంతకం నాది కాదు" అంటాడేమోనని. తర్వాత 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే లెక్క కట్టడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళ కష్టం ఉంది, పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి వెళ్ళింది, ఆయన 1901లో దాన్ని స్కాట్లాండ్ యార్డుకి పట్టుకెళ్ళాడు. ఇంకో ఐదేళ్ళకి దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో భారతీయులందరూ పది వేళ్ళ ముద్రలిచ్చి రిజిస్టర్ కావాలన్నారు, గాంధీ సత్యాగ్రహం పుట్టింది ఆ గొడవలోనే.

ఈ కథలో నాకు నచ్చింది మొదటి ముక్క. ఆ హస్తముద్ర నేరస్థుడిది కాదు, కాంట్రాక్టర్‌ది. సర్కారుతో ఒప్పందం చేసుకున్నవాడు రేపు మాట మార్చకుండా చూసుకోవడానికి పుట్టిన పద్ధతి అది. ఇప్పుడు తిరగబడింది. ముద్రలిచ్చేది మేము, కాంట్రాక్టు ఇంకొకరిది, ఆ కాంట్రాక్టు కాగితం అడిగితే సగం పేజీలు నల్ల గీతలతో కొట్టేసి వస్తాయేమోనని భయం.

మా ఊళ్ళో సంతకం రానివాళ్ళని "నిశానీగాళ్ళు" అనేవాళ్ళు. మా తాత నిశానీయే. బ్యాంకులో, సొసైటీలో ఎక్కడికెళ్ళినా బొటనవేలికి నీలిసిరా పూసి కాగితం మీద అద్దించేవాళ్ళు, ఆ మరక రెండ్రోజులు పోయేది కాదు, ఆ రెండ్రోజులూ ఆయన చెయ్యి పంచె మడతలో దాచుకుని తిరిగేవాడు. నన్ను చదివించింది సంతకం పెట్టేవాడిని చేయడానికే. నేను మాస్టర్స్ చేయడానికి ఇక్కడికొచ్చి, నాలుగైదు సార్లు పది వేళ్ళూ గాజు పలక మీద పెట్టి వచ్చాను. సిరా లేదు, అంతే తేడా. తాత ఉంటే నవ్వేవాడు.

సరే. నేను చదువుకోడానికి వచ్చినప్పుడు మీ పద్ధతి వేరేగా ఉండేది. బయోమెట్రిక్ కార్డులు, అంటే మా వేలిముద్రలూ ఫొటో ఎక్కించిన కార్డులు, మీరు 2007 నాటి సరిహద్దుల చట్టం కింద 2008 నవంబర్‌లో మొదలుపెట్టారు. మేము దిగిన పది రోజుల్లోపు పోస్టాఫీసుకో యూనివర్సిటీకో వెళ్ళి ఆ కార్డు తెచ్చుకునేవాళ్ళం, మా బ్యాచ్ అంతా కలిసి ఒకే క్యూలో నిలబడి ఒకరి ఫొటో చూసి ఒకరు నవ్వుకున్నాం. తర్వాత వీసా పొడిగింపుకి దరఖాస్తు పెడితే మీ నుంచి బార్‌కోడ్ ఉన్న ఉత్తరం వచ్చేది, దాంతో దగ్గర్లో ఆ సదుపాయం ఉన్న పోస్టాఫీసుకి వెళ్ళి, 19.20 పౌండ్లు కట్టి, వేళ్ళూ మొహమూ ఇచ్చి, ఒక స్టాంపు కూడా కొనుక్కుని ఇంటికి రావడం. అదే కౌంటర్ దగ్గర ఒక ముసలాయన పెన్షన్ తీసుకుంటూ ఉండేవాడు, పక్కన ఒకావిడ పార్సిల్ అంటిస్తూ ఉండేది. మామూలు పనిలా అనిపించేది.

2018 నవంబర్‌లో అది మారింది. దేశం లోపల పొడిగింపులకీ సెటిల్‌మెంట్‌కీ (శాశ్వత నివాసానికి) దరఖాస్తు చేసేవాళ్ళ బయోమెట్రిక్స్ పని సోప్రా స్టీరియా అనే కంపెనీకి ఇచ్చారు, 91 మిలియన్ పౌండ్ల కాంట్రాక్టని అప్పట్లో పత్రికలు రాశాయి. మొదలైనప్పుడు ఉచితంగా అపాయింట్‌మెంట్ దొరికే ప్రధాన సెంటర్లు ఆరే ఆరు: క్రాయ్‌డన్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, కార్డిఫ్, గ్లాస్గో, బెల్‌ఫాస్ట్. మిగతావి లైబ్రరీల్లాంటి చోట్ల పెట్టిన దాదాపు యాభై సెంటర్లు, అక్కడ అప్పట్లో 60 పౌండ్ల నుంచి మొదలు. ఉచిత స్లాట్లు దొరకడం లేదని, జనం డబ్బు కట్టే స్లాట్లకి పోవాల్సి వస్తోందని 2019లోనే ఇక్కడి పత్రికల్లో కథనాలు వచ్చాయి. మంచి కూడా చెప్పాలి: కాగితాలు మనమే స్కాన్ చేసి ఎక్కించుకోవచ్చు, పాస్‌పోర్టు నెలల తరబడి మీ దగ్గర చిక్కుకుపోకుండా మన చేతిలోనే ఉంటుంది. అది నిజంగా పెద్ద ఊరట. నేను వెళ్ళిన చోట కౌంటర్లో ఉన్న అమ్మాయి కూడా చాలా మర్యాదగా మాట్లాడింది, పది నిమిషాల్లో పంపించేసింది. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ఇది ఫిర్యాదు లేఖ కూడా కాదు.

నా బాధ వేరే. పోస్టాఫీసు ప్రభుత్వం సొంత కంపెనీ కాబట్టి అది నేరుగా మీ సమాచార చట్టం కిందికి వస్తుంది. అప్పట్లో "ఎంతమంది వచ్చారు, ఎన్ని మిషన్లు పాడయ్యాయి" అని పోస్టాఫీసునే అడగొచ్చు. ప్రైవేటు కంపెనీని అలా అడగలేం. అదే పని, అవే వేళ్ళు, అదే చట్టం బలవంతం. చేసే చెయ్యి మారగానే అడిగే తలుపు మూసుకుంది. పోస్టాఫీసు ఏదో ధర్మరాజని చెప్పడం లేదు లెండి, హొరైజన్ అనే తమ కంప్యూటర్ వ్యవస్థ చూపిన తప్పుడు లెక్కల్ని నమ్మి వందలమంది పోస్టుమాస్టర్లని దొంగలన్న సంస్థ అది, వాళ్ళలో మన దేశం నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో. కానీ ఆ వ్యవహారంలో కూడా, అనుమానితుల్ని జాతుల వారీగా విడగొట్టడానికి వాళ్ళు వాడిన నీచమైన పదాల పట్టిక 2023లో బయటికి వచ్చింది ఒక మామూలు మనిషి పెట్టిన సమాచార అభ్యర్థన వల్లే. ప్రైవేటు కంపెనీ అయివుంటే ఆ కాగితం ఎవరు అడిగేవాళ్ళు, ఎవరిని?

తలుపు పూర్తిగా మూసుకోలేదని నాకు తెలుసు. మీ సమాచార చట్టం 3వ సెక్షన్‌లో ఒక చిన్న వాక్యం ఉంది: ఒక ప్రభుత్వ సంస్థ తరఫున వేరేవాళ్ళు పెట్టుకున్న సమాచారం కూడా ఆ సంస్థ దగ్గర ఉన్నట్టే. కాబట్టి "ఆ లెక్కలు కంపెనీ దగ్గరున్నాయి, మా దగ్గర లేవు" అని దయచేసి రాయకండి. నా వేలిముద్ర తీసుకున్నది మీ తరఫున. ఎన్ని వేలిముద్రలు తీశారన్న లెక్క కూడా మీ తరఫునే.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతున్నాను.

మొదటిది స్లాట్లు. 2018 నవంబర్ నుంచి ఇప్పటిదాకా, నెలవారీగా, సెంటర్ వారీగా, ఉచిత అపాయింట్‌మెంట్లు ఎన్ని పెట్టారు, డబ్బు కట్టేవి ఎన్ని పెట్టారు, అందులో ఎన్ని నిండాయి. ఈ మధ్యలో కాంట్రాక్టు, సెంటర్లు, ధరలు ఎప్పుడు మారినా ఆ మార్పు తేదీతో సహా. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, బుకింగ్ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఉండే లెక్కే ఇది, లేకపోతే స్లాట్ ఎలా చూపిస్తారు? ఉచిత స్లాట్లు రోజుకి ఏ టైంకి విడుదల చేస్తారో ఏదైనా రాతపూర్వక నిబంధన ఉంటే అది కూడా కావాలి. తత్కాల్ టికెట్ కోసం పొద్దున పది గంటలకి సెల్‌ఫోన్ పట్టుకుని కూర్చునే జాతి మాది, టైం చెప్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

ఆ 60 పౌండ్లు మీకు చిన్న మొత్తమే. కానీ అది ఒక్కరికి. భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ అంటే నలుగురికి 240, అదీ వేల పౌండ్ల వీసా ఫీజు, హెల్త్ సర్‌చార్జి కట్టేసిన తర్వాత. ప్లిమత్‌లో పనిచేసే ఒక నర్సుని ఊహించుకోండి. ఉచిత సెంటర్ కావాలంటే మొదట్లో పెట్టిన ఆ ఆరింటిలో దగ్గరిది కార్డిఫ్, రైల్లో దాదాపు మూడు గంటలు, ఒక రోజు జీతం పోతుంది, పిల్లల్ని బడి మాన్పించాలి, టికెట్లు వేరే. లెక్క వేసుకుంటే 60 పౌండ్ల స్లాటే చవక అని తేలుతుంది. అలాంటప్పుడు దాన్ని ఉచిత సేవ అనడం మా ఊరి సామెతలో చెప్పాలంటే పేరు గొప్ప ఊరు దిబ్బ. నా ఊహ తప్పని మీ లెక్కలు చూపిస్తే సంతోషంగా ఒప్పుకుంటాను.

రెండోది రోజులు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పంపిన రోజుకీ, బయోమెట్రిక్స్ ఇచ్చిన రోజుకీ మధ్య ఎన్ని రోజులు పట్టింది, ఉచిత స్లాట్ తీసుకున్నవాళ్ళకి ఎంత, డబ్బు కట్టినవాళ్ళకి ఎంత. ఇది పైకి చూస్తే పొడి లెక్కలా కనిపిస్తుంది, మాకు కాదు. దరఖాస్తు నడుస్తుండగా మనిషి దేశం దాటితే ఆ దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే అని మీ రూలు. ఇక్కడ ఉన్నంతకాలం 1971 ఇమ్మిగ్రేషన్ చట్టం 3సీ సెక్షన్ కాపాడుతుంది, నిజమే, ఉద్యోగం పోదు, కానీ కదలకూడదు. కాబట్టి స్లాట్ కోసం ఎదురుచూసే ప్రతి రోజూ ఊరికి వెళ్ళలేని రోజే. మావాళ్ళలో ఎవరినైనా అడగండి, ఇలాంటి కథ ఒకటి ఉంటుంది: తండ్రి పోతే అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసినవాళ్ళు, తలకొరివి తమ్ముడి చేత పెట్టించినవాళ్ళు, చెల్లెలి పెళ్ళికి తలంబ్రాల టైంకి ఆఫీసు మీటింగ్ రూంలో తలుపేసుకుని ఫోన్ చూసుకున్నవాళ్ళు. తెల్లవారుజామున ఫోన్ మోగితే గుండె ఆగినంత పనవుతుంది. మీ దగ్గర అది "ప్రాసెసింగ్ సమయం" అనే గడిలో ఒక అంకె. ఆ అంకె ఇవ్వండి. ప్రయాణం వల్ల వెనక్కి తీసుకున్నట్టు లెక్కేసిన దరఖాస్తులు ఏడాదికి ఎన్ని అన్నది కూడా ఇవ్వండి.

మూడోది డబ్బు. ఒక్కో మనిషి బయోమెట్రిక్స్‌కి ప్రభుత్వం కంపెనీకి ఎంత కడుతుంది, స్లాట్ అమ్మకం మీద, స్కానింగ్ లాంటి అదనపు సేవల మీద వచ్చే డబ్బులో మీ వాటా ఏమైనా ఉందా, పనితీరు ఒప్పుకున్న స్థాయి కన్నా తగ్గితే కోత పెట్టే షరతు ఉందా, ఉంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఎంత కోత పెట్టారు. ఇక్కడ సమాచార చట్టం 43వ సెక్షన్, వ్యాపార ప్రయోజనాలు దెబ్బతింటాయని, అడ్డం వస్తుందని నాకు తెలుసు. అది సంపూర్ణ మినహాయింపు కాదనీ తెలుసు, ప్రజా ప్రయోజనం ఎటు మొగ్గుతుందో తూచి రాతలో చెప్పాలి. తూచేటప్పుడు ఒక్క సంగతి తక్కెడలో వేయండి: ఈ వ్యాపారంలో కస్టమర్ ఇంకో కొట్టుకి పోలేడు. టీ బాగాలేకపోతే పక్క బండి దగ్గరికి పోతాం. వేలిముద్ర ఇవ్వకపోతే వీసా లేదు, ఇవ్వాలంటే ఉన్నది ఒకటే కొట్టు. పోటీయే లేని చోట పోటీదారులకి తెలిసిపోతుందన్న భయం దేనికి? వచ్చే టెండరులో ఇబ్బంది అంటారేమో, అయిపోయిన సంవత్సరాల కోతల లెక్కకి ఆ మాట అతకదు.

నాలుగోది చెప్పే ముందు మా అమ్మ గురించి చెప్పాలి. మా అమ్మ ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టింది. నిజామాబాద్ వైపు ఆడవాళ్ళకి అది తెల్లారితే మొదలయ్యే పని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, రోజుకి వెయ్యి బీడీలు. వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోతాయి. రేషన్ షాపుల్లో ఈ-పోస్ మిషన్లు వచ్చిన కొత్తలో మా వీధిలో సగంమంది ముసలివాళ్ళు వేలు పెట్టడం, తుడవడం, మళ్ళీ పెట్టడం, "పడ్తలేదమ్మా, రేపు రా" అనిపించుకోవడం నేను కళ్ళారా చూశాను. మా అమ్మ నన్ను చూడటానికి రావాలని హైదరాబాద్‌లో బయోమెట్రిక్స్‌కి వెళ్ళినప్పుడు అదే టెన్షన్. మూడోసారికి పడ్డాయి, అక్కడివాళ్ళు ఓపిగ్గా తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నారట. బయటికొచ్చి ఫోన్‌లో మొదట చెప్పిన మాట "పడ్డయి బిడ్డా" అని. వీసా వచ్చినప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

కాబట్టి నేను అడిగేది: బ్రిటన్ లోపలి సెంటర్లలో, అలాగే మీ తరఫున విదేశాల్లో ఈ పని చేసే సెంటర్లలో, మొదటి ప్రయత్నంలో వేలిముద్ర నాణ్యత చాలని వాళ్ళు ఎంతమంది, మళ్ళీ రమ్మన్నది ఎంతమందిని, వయసు గుంపుల వారీగా. వేళ్ళు లేనివాళ్ళకి, అరిగినవాళ్ళకి, చర్మవ్యాధి ఉన్నవాళ్ళకి ఏం చేయాలో సిబ్బందికి ఇచ్చిన సూచనల ప్రతి. మళ్ళీ రమ్మన్నప్పుడు రెండోసారి స్లాట్ ఖర్చు ఎవరు భరిస్తారో చెప్పే కాగితం. ఐదేళ్ళ లోపు పిల్లలకి ఫొటో చాలు, వేలిముద్రలు తీయరు. మరి డెబ్బై దాటిన అరిగిన వేళ్ళకి అలాంటి ఆలోచన ఏదైనా జరిగిందా, జరిగితే ఆ నోట్ ఉంటే పంపండి.

ఇంకొకటి, దీనికి ఎక్కువ వివరణ అక్కర్లేదు. 2020లో కోవిడ్‌తో సెంటర్లు మూతపడ్డాక కొంతమంది దరఖాస్తుదారులకి మీ దగ్గరున్న పాత వేలిముద్రల్నే మళ్ళీ వాడుకున్నారు, ఫొటో మాత్రం ఫోన్ యాప్‌లో తీసుకున్నారు. బాగానే నడిచింది. వేలిముద్ర పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా మారదనే కదా హెర్షెల్ కాలం నుంచి మీ నమ్మకం. మరి ఆ వెసులుబాటు ఎంతమందికి ఇచ్చారు, దాని మీద చేసిన సమీక్ష ఏమంది, అందరికీ ఎందుకు కొనసాగించలేదు అన్న కాగితాలు కావాలి. పాత ముద్రలతో పని జరిగితే స్లాట్లు అమ్ముడుపోవు కదా అని ఎవరైనా అనుకుంటే, ఆ అనుమానం తీర్చే పత్రం మీ దగ్గరే ఉండాలి.

చివరిగా చెరపడం. బ్రిటిష్ పౌరసత్వం వచ్చినవాళ్ళ వేలిముద్రలు ఉంచుకోకూడదని మీ నిబంధనలే చెప్తున్నాయి. మావాళ్ళు పౌరసత్వ వేడుకలో రాజుగారి ఫొటో పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారు, ఆ తర్వాత తమ పది వేళ్ళ సంగతి ఎవరూ అడగరు. గత ఐదేళ్ళలో ఇలా ఎన్ని రికార్డులు చెరిపారు, చెరపాల్సినవి ఇంకా ఎన్ని మిగిలాయి, దీని మీద తనిఖీ ఎప్పుడు జరిగింది. సెంటర్లలో ఉండే మిషన్లలో ముద్ర కాపీ ఎంతసేపు ఉంటుంది, కాంట్రాక్టు చేతులు మారినప్పుడు పాత కంపెనీ దగ్గరున్న సమాచారం తుడిచేసినట్టు ధ్రువీకరణ తీసుకుంటారా, ఈ సేవ వల్ల మా సమాచారానికి ఏ ముప్పుందో చూసే డేటా రక్షణ ప్రభావ అంచనా ప్రతి. భద్రతకి సంబంధించిన సాంకేతిక వివరాలు 31వ సెక్షన్ కింద కొట్టేయండి, నాకు సర్వర్ ఎక్కడుందో అక్కర్లేదు. ఎవరి వ్యక్తిగత వివరాలూ నాకొద్దు, 40వ సెక్షన్‌కి పనే ఉండదు. అంకెలు, తేదీలు, కాగితాలు, అంతే.

ఖర్చు సంగతి కూడా ముందే మాట్లాడుకుందాం. కేంద్ర ప్రభుత్వ శాఖలకి 600 పౌండ్ల పరిమితి, గంటకి 25 చొప్పున 24 గంటల పని, అది దాటితే 12వ సెక్షన్ చూపించి మొత్తానికే కాదనొచ్చు. అలా కాదనే ముందు 16వ సెక్షన్ ప్రకారం సాయం చేయాల్సిన బాధ్యత కూడా మీదే. కాబట్టి దాటుతుందనిపిస్తే నేనే వరస చెప్తున్నాను: ముందు స్లాట్లు, తర్వాత రోజులు, ఆ తర్వాత మిగతావి. ఏ ప్రశ్న దగ్గర గంటలు అయిపోయాయో అక్కడ ఆగి, ఎందుకు అయిపోయాయో రాయండి.

ఇది చదువుతున్న మనవాళ్ళకి ఒక మాట, హోం ఆఫీసు వాళ్ళూ, మీరు కాసేపు పక్కకి జరగండి సార్. ఈ లేఖ బాగుందని వందమంది ఇదే కాపీ చేసి పంపకండి. ఒకే విషయం మీద కలిసికట్టుగా పంపినట్టు కనిపిస్తే 60 పనిదినాల్లో వచ్చినవన్నీ కలిపి ఒకే ఖర్చుగా లెక్కేసే వీలు వాళ్ళకుంది, అందరివీ కలిసి బుట్టలో పడతాయి. మీ సొంత వేలిముద్రలు, మీ సొంత ఫైలు కావాలంటే దారి ఇది కాదు, డేటా రక్షణ చట్టం కింద మీ గురించి మీరే అడగాలి, దానికి మామూలుగా నెల గడువు. అది మాత్రం వందమందీ పెట్టొచ్చు, ఎవరిది వాళ్ళకే. ఇక అడిగితే వీసా మీద పడుతుందా అంటే, ఈ చట్టం కింద ఎవరడిగారు, ఎందుకడిగారు అన్నది జవాబులో లెక్కకి రాకూడదు. ధైర్యం చాలకపోతే నాలాంటివాడు అడిగే దాకా ఆగండి, తప్పు లేదు.

మళ్ళీ మీతో. క్రాయ్‌డన్‌లో మీ పెద్ద ఆఫీసు పేరు లూనార్ హౌస్. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన రోజుల్లో కట్టారు కాబట్టి ఆ పేరట, పక్కనే ఉన్న భవనానికి అపోలో పేరు. పరాయి దేశాల వాళ్ళ జాతకాలు రాసే చోటికి చంద్రుడి పేరు పెట్టిన మహానుభావుడెవరోగానీ మా జ్యోతిష్కుల కన్నా ఘనుడు. మొదటిసారి ఆ మెట్ల దగ్గర నిలబడినప్పుడు చేతిలో ఫైలు, కడుపులో భయం, అంతకు మించి ఏమీ తోచలేదు. ఇప్పుడు ఆ బయోమెట్రిక్ కార్డుల (బీఆర్‌పీ) కాలం కూడా 2024 డిసెంబర్ 31తో ముగిసింది, అంతా ఈ-వీసా. చేతిలో ప్లాస్టిక్ ముక్క కూడా లేదు. నేనెవరో చెప్పేది మీ కంప్యూటర్లో ఉన్న రికార్డు ఒక్కటే. నా దగ్గర కాగితం లేకుండా పోయినప్పుడు మీ దగ్గర ఉన్న కాగితాలు నేను అడగడం ఎక్కువేమీ కాదు.

జవాబు ఈమెయిల్‌లో పంపండి, పోస్టు వద్దు. అంకెలు దయచేసి ఎక్సెల్ షీటులో ఇవ్వండి, ప్రింటు తీసి, మళ్ళీ స్కాన్ చేసి, బొమ్మలా పంపకండి, ఆ పని ఎలా చేస్తారో నాకు తెలుసు, నేనూ ఆఫీసులోనే పనిచేస్తాను. ఇవ్వనన్న దాని పక్కన ఏ సెక్షన్, ఎందుకు అని రాయండి. జవాబు సరిపోకపోతే అంతర్గత సమీక్ష అడుగుతాను, అదీ కాకపోతే సమాచార కమిషనర్ దగ్గరికి వెళ్తాను. ఇది బెదిరింపు కాదు, మీ జవాబు చివర మీరే ఆ దారి చెప్పాలి కదా, నేను ముందే చదివి పెట్టుకున్నాను.

మా వంటగదిలో భద్రాచలం రాముడి బొమ్మ ఉన్న క్యాలెండర్‌లో రేపటి నుంచి 20 పనిదినాలు లెక్కపెట్టి చివరి తేదీ చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాను. శని, ఆదివారాలు, మీ బ్యాంకు సెలవులు తీసేశాను. ఉగాది, సంక్రాంతి తీసేయలేదు.

ఇట్లు,
పది వేళ్ళూ మీ దగ్గర ఉంచిన ఒక దరఖాస్తుదారు